ఇంతకీ బగ్గు ఎవరి కోడులో ఉంది?

ఆస్టిన్‌లో ఉండే మనవాళ్ళకి శాన్ మార్కస్ అంటే ఒకటే అర్థం: ఔట్‌లెట్ మాల్. ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే ఒక శనివారం అక్కడే, వాళ్ళు తిరిగి వెళ్ళేముందు సూట్‌కేసులు నింపడానికి ఇంకో శనివారం కూడా అక్కడే. ఐ-35 మీద అరగంట దారి (ట్రాఫిక్కు లేకపోతే, అంటే ఎప్పుడూ అరగంట కాదన్నమాట). నేనూ పదిహేనుసార్లయినా వెళ్ళుంటాను. అదే ఊళ్ళో ఉన్న టెక్సస్ స్టేట్ యూనివర్సిటీకి, కేన్సరు పరిశోధన కోసం 1939 నుంచీ ఒక్క తరం తప్పకుండా పెంచుకొచ్చిన చేపల సంతతి వచ్చి చేరిందని మాత్రం ఈమధ్యదాకా నాకు తెలీదు.

తెలియడానికి కారణం మా ఆఫీసులో ఒక మిత్రుడు. సీసాలో ఉమ్మేసి పంపిస్తే మన జన్యువుల చిట్టా చెప్పే సర్వీసులున్నాయి కదా, సరదాకి పంపించాడు. సరదా తీరిపోయింది. ఏదో కేన్సరుకి 'రిస్కు' ఉన్న తేడా ఒకటి ఉందని రిపోర్టొచ్చింది. ఆ రోజు లంచిలో డబ్బా మూత కూడా తియ్యలేదు. "నాకు కేన్సర్ జీన్ ఉందిట్రా" అని ఒకటే మాట. ధైర్యం చెబుదామని కాస్త చదవడం మొదలెట్టి, ఒక లింకులోంచి ఇంకో లింకులోకి దూకుతూ చివరికి చేపల తొట్టెలో తేలాను. తేలాక నాకు ఖాయమైన అభిప్రాయం ఏమిటంటే, 'కేన్సర్ జీన్' అన్న మాటని పేపర్లవాళ్ళు హెడ్డింగుల్లోంచి తీసేస్తే సగం పీడ వదులుతుంది.

ముందు చేపల సంగతి. హైదరాబాదులో ఏ అక్వేరియం షాపుకెళ్ళినా గప్పీల పక్కన ప్లాటీలు, స్వర్డ్‌టెయిల్స్ కనిపిస్తాయి. రెండోదాంట్లో మగచేప తోక కింద కత్తిలా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆ పేరు, మనం కత్తితోక అనుకుందాం. రెండూ మెక్సికో, మధ్య అమెరికాల చేపలు. గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. నదిలో పక్కపక్కనే తిరిగినా సాధారణంగా ఎవరి సంసారం వాళ్ళదే. తొట్టెలో వేరే దారి లేకుండా పెడితే మాత్రం కలుస్తాయి. కొత్త రంగుల కోసం చేపలు పెంచేవాళ్ళు చాలాకాలం నుంచీ ఈ పని చేస్తున్నారు. కొన్ని ప్లాటీలకి వీపు రెక్క మీదో, ఒంటి మీదో నల్లమచ్చలుంటాయి. అలాంటి ప్లాటీని కత్తితోకతో కలిపితే పుట్టిన పిల్లల్లో ఆ మచ్చ పెద్దదయింది. ఆ పిల్లని మళ్ళీ కత్తితోకతో కలిపితే, వచ్చిన తరంలో కొన్నిటికి ఆ మచ్చ కాస్తా గడ్డై, ఒళ్ళంతా తినేసి చేపని చంపేసింది.

1920ల చివర్లో ముగ్గురు, ఎవరికి వారుగా, దీని వెనక పడ్డారు. జర్మనీలో గేయార్గ్ హాయిస్లర్, కుర్ట్ కాస్విగ్, అమెరికాలో మైరన్ గోర్డన్. (కాస్విగ్ 1937లో హిట్లర్ జర్మనీ వదిలి ఇస్తాంబుల్ వెళ్ళి అక్కడ జంతుశాస్త్రం చెప్పుకున్నాడు. ఆయనదొక పెద్ద కథ, ఇంకోసారి.) ఆ గడ్డ మనుషుల్లో వచ్చే మెలనోమా అనే చర్మ కేన్సరు లాంటిదేనని తేలింది. ఒక కేన్సరు ఇలా మెండెల్ బఠాణీల లెక్కన తరం నుంచి తరానికి దిగడం అప్పట్లో చిన్న విషయం కాదు.

లెక్క సులువే. ప్లాటీలో రెండు సరుకులున్నాయి అనుకోండి. ఒకటి నల్లమచ్చ పుట్టించే జన్యువు. రెండోది, వేరే క్రోమోజోము మీద కూర్చుని దాన్ని అదుపులో పెట్టే కాపలా జన్యువు, రెండు కాపీలు. కత్తితోకలో మచ్చ జన్యువూ లేదు, ఆ కాపలావాడూ లేడు. మొదటి సంకరంలో మచ్చ జన్యువు ఉంది, కాపలావాడు ఒక్కడే మిగిలాడు, మచ్చ కాస్త ముదిరింది. ఆ పిల్లని మళ్ళీ కత్తితోకతో కలిపితే సగం పిల్లలకి మచ్చ జన్యువే రాదు, వాటికే గొడవా లేదు. మిగతా సగంలో సగానికి ఒక కాపలావాడుంటాడు, మచ్చతో బతికేస్తాయి. ఆఖరి పావు వంతుకి మచ్చ జన్యువొచ్చింది, కాపలావాడు ఒక్కడూ రాలేదు. ఆ పావు వంతుకే మెలనోమా.

1960లలో జర్మనీలోని గీసెన్‌లో ఫ్రిట్జ్ ఆండర్స్ అనే ఆయన దీన్ని ఇలా 'గడ్డ జన్యువు, దాన్ని అణిచే జన్యువు' అని సిద్ధాంతంగా చెప్పాడు. కేన్సరుని అణిచే జన్యువులుంటాయన్న మాట ఇంకా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కని రోజులవి. ఆండర్స్ శిష్యుడు మాన్‌ఫ్రెడ్ షార్ట్ల్. ఈయన ఆ గడ్డ జన్యువు అసలు ఏమిటో పట్టుకోవాలని కూర్చున్నాడు. 1989లో ఆయన బృందం దాన్ని బయటకి లాగి నేచర్‌లో అచ్చేసింది. మొదటి చేప గడ్డ నుంచి లెక్కేస్తే అరవై ఏళ్ళు. మనం రెండు స్ప్రింటుల్లో రూట్ కాజ్ దొరక్కపోతే టికెట్టు మూసేస్తాం.

ఆ జన్యువు పేరు ఎక్స్‌మార్క్. ఇక్కడ్నుంచి కథ మన వృత్తిలోకి వచ్చేస్తుంది, ఎందుకంటే ఇది అచ్చమైన కాపీ-పేస్టు బగ్గు.

కణం పైన ఈజీఎఫ్ఆర్ అని ఒక ప్రోటీను ఉంటుంది. మనకీ ఉంటుంది. (ఇంట్లో ఊపిరితిత్తుల కేన్సరు చూసినవాళ్ళకి ఈ పేరు రిపోర్టుల్లో తగిలే ఉంటుంది.) ఇదొక కాలింగ్ బెల్లు. బయట్నుంచి 'పెరుగు' అనే కబురొచ్చి బెల్లు నొక్కితే, లోపల వరసగా ఒకరి తరవాత ఒకరు లేచి, కణం రెండవుతుంది. కబురు లేకపోతే బెల్లు మోగదు. ఈ చేపజాతులు ఇంకా విడిపోకముందు ఎప్పుడో, డీఎన్ఏ నకలవడంలో జరిగిన ఒక పొరపాటువల్ల ఈ జన్యువుకి అదనంగా ఒక కాపీ తయారైంది. కాపీ వెళ్ళి పడ్డచోట దాని సొంత కాన్ఫిగ్ ఫైలు పోయి, వేరే ఏదో వరస ముందున్న ఫైలు దీనికి తగులుకుంది. జన్యువు ఏ కణంలో, ఎంత పనిచెయ్యాలో చెప్పే ఆ ముక్కని ప్రమోటరు అంటారు. పక్కింటి కాన్ఫిగ్ ఫైలుతో మన సర్వీసు నడవడమన్నమాట. అదొక్కటే కాదు, కాపీలో ఒకటి రెండు అక్షరాలు మారాయి. ఆ మార్పుల ఫలితంగా రెండు ప్రోటీనులు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఎవరూ నొక్కకుండానే బెల్లు మోగుతూ ఉంటుంది. స్విచ్చి లోపలికి ఇరుక్కుపోయింది. అసలు ఈజీఎఫ్ఆర్ మాత్రం తన చోట తను బుద్ధిగా పనిచేస్తూనే ఉంది.

ఇంత ప్రమాదకరమైన కోడు ప్రొడక్షన్‌లో ఉండి కూడా ప్లాటీ నిశ్చింతగా బతుకుతుంది! ఆ మాటకొస్తే దాని దగ్గరి చుట్టం, కోర్టెజీ అనే జాతిలో, నల్లమచ్చ ఉన్న మగవాళ్ళనే ఆడచేపలు ఎక్కువ ఇష్టపడుతున్నాయని 2008లో ఒక పరిశోధన వచ్చింది. చంపే జన్యువు ఇన్నాళ్ళూ ఎలా నిలిచిందిరా అంటే, బహుశా అందగాడికి అదే ఆభరణం కాబట్టి. పెళ్ళి సంబంధాల్లో మనవాళ్ళ తెలివితేటలు గుర్తొచ్చాయి నాకు, సరే వదిలేద్దాం.

ఇప్పుడు చెప్పండి, బగ్గు ఎవరి కోడులో ఉంది? ప్లాటీ టీముని పిలిస్తే, "మా ఎన్విరాన్‌మెంటులో బాగానే నడుస్తోందండీ, కావాలంటే టెస్టు రిజల్ట్స్ చూడండి" అంటారు. కత్తితోక టీముని పిలిస్తే, "అసలా మాడ్యూలే మా దగ్గర లేదు" అంటారు. ఇద్దరూ అబద్ధం ఆడట్లేదు. మర్జ్ చేసినరోజే ప్రొడక్షన్ పడిపోయింది. ఇలాంటి కాన్ఫరెన్సు కాల్‌లో అర్ధరాత్రి మూడింటిదాకా కూర్చున్న ప్రతివాడికీ ఈ చేప బాధ అర్థమవుతుంది.

'అబ్బే, ఎక్స్‌మార్కే దోషి, పోలికలు చెప్పి దాన్ని వెనకేసుకురాకు' అనొచ్చు మీరు. అందులో న్యాయం ఉంది. షార్ట్ల్ బృందమే ఈ జన్యువుని, దీని మొహం ఎప్పుడూ చూడని మెడకా అనే జపాన్ చేప రంగుకణాల్లో పెట్టి చూసింది. గడ్డలొచ్చాయి. అంటే ఇది గట్టి దోషే. కానీ అదే ప్రయోగంలో, 2010లో అచ్చయింది, ఇంకో సంగతి ఉంది: ఒకే జన్యువుని మెడకాలోనే వేరువేరు వంశాల్లో పెడితే వచ్చిన గడ్డల తీరు వేరువేరుగా ఉంది. దోషి ఒకడే అయినా, నేరం ఎలా జరుగుతుందనేది ఇంట్లో ఇంకెవరెవరున్నారన్నదాన్ని బట్టి ఉందన్నమాట.

మరి ఆ కాపలావాడెవడు? ఇదింకా ఆసక్తికరం. 1990లలో అందరి చూపూ సీడీకేఎన్2 అనే జన్యువు మీద పడింది, మనుషుల్లో కొన్ని మెలనోమా కుటుంబాల్లో చెడిపోయి కనిపించేదీ దాని కుటుంబమే. చేపలో ఆ కథ సరిగ్గా అతకలేదు. అది పోయి గడ్డ రావాలి కదా, గడ్డల్లో అది ఇంకా జోరుగా పనిచేస్తూ కనిపించింది. 2020లో, షార్ట్ల్ కూడా ఉన్న టెక్సస్ బృందం రాబ్3డి అనే జన్యువుని ముందుకు తెచ్చింది. అదే ఏడాది ఇంకో బృందం, మెక్సికో నదుల్లో తమంతట తామే సంకరమైన రెండు వేరే కత్తితోక జాతుల్లో (బిర్చ్‌మనీ, మాలించే) ఇదే రోగాన్ని పట్టుకుంది. తొట్టెలో కాదు, నదిలో! అక్కడా ఒక పక్క ఎక్స్‌మార్కే, రెండో పక్క మాత్రం రాబ్3డి కాదు, సీడీ97 అనే ఇంకో జన్యువు. ఒకే బగ్గు, ఇద్దరు క్లయింట్ల దగ్గర రెండు వేరువేరు లైబ్రరీలతో పడక.

చేపలది సరే, మనుషుల్లో ఏమిటంటారా. 2002లో మనిషి మెలనోమాల్లో దాదాపు సగంలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. ఎక్స్‌మార్కు బెల్లు మోగితే లోపల లేచే వరసలోనే ఈ బీరాఫ్ కూడా ఒకడు. దొంగ దొరికాడన్నారు. మరుసటి ఏడాదే ఇంకొకరు మామూలు పుట్టుమచ్చలు కోసి చూస్తే, వాటిలో ఎక్కువ భాగంలో అదే మార్పు ఉంది. ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా ముప్ఫై నలభై ఏళ్ళు ఒంటి మీద పడుండే మచ్చల్లో! 2005లో బోస్టన్‌లో లెనర్డ్ జాన్ ప్రయోగశాలలో ఈ మార్చిన బీరాఫ్‌ని జీబ్రాఫిష్‌లో పెట్టారు. మచ్చలొచ్చాయి, అంతే. పీ53 అనే కాపలా జన్యువు పనిచెయ్యని చేపల్లో పెడితే అప్పుడొచ్చింది మెలనోమా. 1928 నాటి తొట్టె కథే, పాత్రల పేర్లు మారాయి.

ఇదంతా మా మిత్రుడికి చెప్పాను. డబ్బా మూత తీశాడు గానీ పూర్తిగా నమ్మలేదు. నమ్మక్కర్లేదు కూడా. కొన్ని మార్పులు నిజంగానే పెద్దవి, కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాల్సిందే, నా బోటి జావా కోడు రాసుకునేవాడి మాట మీద ఆధారపడకూడదు. నేను పోట్లాడేది 'ఉంది కాబట్టి వస్తుంది' అనే తీర్పుతో. అంతకంటే ఎక్కువ దాని కవలతో: 'లేదు కాబట్టి రాదు'.

ఆ రెండో తీర్పు మనవాళ్ళకి ఎండ విషయంలో ఉంది. మెలనోమా అంటే ఎండ, ఎండంటే తెల్లతోలు, మనది నల్లతోలు, కాబట్టి మనకి సంబంధం లేదు. అయిపోయింది, టికెట్టు క్లోజ్డ్.

ఎండ సంగతీ ఈ చేపల దగ్గరే పెద్ద తగువైంది. 1993లో లాంగ్ ఐలండ్‌లోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో రిచర్డ్ సెట్లో, ఈ సంకర చేపపిల్లల మీద వేరువేరు తరంగదైర్ఘ్యాల కాంతి వేసి చూశాడు. సూర్యుడివల్ల వచ్చే మెలనోమాలో 90-95 శాతం అతినీలలోహితం బి నుంచి కాదు, దానికంటే పొడుగు తరంగాలైన ఏ రకం, మామూలు వెలుతురు నుంచి రావచ్చని లెక్క తేల్చాడు. చర్మం కమిలేది ప్రధానంగా బి వల్ల. అప్పటి సన్‌స్క్రీన్లు ఎక్కువగా ఆపేదీ దాన్నే. అంటే క్రీము పూసుకుని, ఒళ్ళు మండట్లేదు కదా అని గంటలతరబడి ఎండలో పడుకునేవాళ్ళు అసలు ప్రమాదాన్ని ఇంకా ఎక్కువ తెచ్చుకుంటున్నారేమో! సహజంగానే పెద్ద దుమారం. ఈ ఒక్క చేప ప్రయోగాన్ని ఎన్ని చోట్ల ఎత్తి చూపారో లెక్కలేదు.

పదిహేడేళ్ళు గడిచాక, ఆస్టిన్‌కి గంట దూరంలోని స్మిత్‌విల్‌లో, ఎమ్‌డీ ఆండర్సన్ వాళ్ళ పరిశోధన కేంద్రంలో డేవిడ్ మిచెల్ బృందం ఇదే రకం చేపలతో, చాలా ఎక్కువ సంఖ్యలో, మళ్ళీ చేసింది. 2010లో వచ్చిన ఫలితం: బి రకం కాంతి పడ్డ 194 చేపల్లో 43 శాతానికి మెలనోమా. ఏ రకం పడ్డ 282 చేపల్లో 12.4 శాతానికి. ఏమీ వెయ్యని చేపల్లో? 18.5 శాతానికి. అంటే ఈ చేపలో ఏ రకం వల్ల అదనంగా వచ్చిందంటూ ఏమీ లేదు. పాత లెక్క తిరగబడింది. (ఇది చదివి ఏ రకం మంచిదనుకోకండి. అది చర్మాన్ని వేరే దారుల్లో పాడుచేస్తుంది, టానింగ్ బెడ్లని 2009లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ కేన్సరు విభాగం సిగరెట్టున్న మొదటి వర్గంలోనే పెట్టింది.)

అందరూ 43నే చూస్తారు. నా కళ్ళు మాత్రం ఆ 18.5 దగ్గర ఆగిపోయాయి. వాటి మీద ఎవరూ ఏ కాంతీ వెయ్యలేదు. గోర్డన్ చేపలకీ అంతే కదా, అవి గదిలో తొట్టెల్లో పెరిగాయి, వాటి మెలనోమాకి ఏ బీచీ అక్కర్లేకపోయింది. లోపలి తాళం ఊడిపోతే బయట్నుంచి తలుపు తోసేవాడు లేకపోయినా తెరుచుకుంటుంది.

ఎందుకు ఆగిపోయాయో చెప్పాలి. మా పెదనాన్నకి కుడి మడమ కింద నల్లటి మచ్చ ఉండేది. పొలం మనిషి, చెప్పులు అంతంతమాత్రం. ముల్లు గుచ్చుకుని లోపల రక్తం గడ్డకట్టిందన్నారు ఇంట్లో. కొన్నాళ్ళకి పుండైంది. షుగరుంది కాబట్టి షుగరు పుండన్నారు, ఏడాది పైగా కట్లు కట్టారు. అది కేన్సరు కావచ్చని ఎవరికీ తట్టలేదు. చివరికి ముక్క తీసి పరీక్షకి పంపేసరికి గజ్జల్లో గడ్డలొచ్చేశాయి. మెలనోమా అన్నారు. అప్పుడు నేను అమెరికా నుంచి ఫోన్లో అన్నమాట నాకింకా గుర్తుంది. "అది తెల్లవాళ్ళకొచ్చేది కదా, రిపోర్టు తప్పేమో, ఇంకో లాబుకి పంపించండి" అన్నాను. చదువుకున్నవాడి మాటని పంపించారు. ఇంకో మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాలవల్ల ఏం మారేది కాదని తరవాత డాక్టరు చెప్పాడు. చెప్పాడు గానీ.

అరికాళ్ళు, అరిచేతులు, గోళ్ళ కింద వచ్చే ఈ రకాన్ని ఆక్రల్ మెలనోమా అంటారు. బాబ్ మార్లే 1981లో పోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన దీనితోనే. మనలాంటి ఒంటిరంగు వాళ్ళకి మొత్తం మీద మెలనోమా చాలా అరుదు, కానీ వచ్చినవాటిలో ఈ రకానిది పెద్ద వాటా. ఎండ ముద్ర దీని డీఎన్ఏలో పెద్దగా కనిపించదు. బీరాఫ్ మార్పు కూడా మిగతా మెలనోమాల్లో కంటే తక్కువ. ఎక్కువగా కనిపించేది, డీఎన్ఏ ముక్కలు ముక్కలుగా అదనపు కాపీలు పడుండటం. మళ్ళీ కాపీ-పేస్టు.

గోర్డన్ 1939లో మెక్సికోలో వెరాక్రూజ్ దగ్గర హమాపా నదిలో పట్టిన ప్లాటీల వంశం ఒకటి వందకు పైగా తరాలు అన్నాచెల్లెళ్ళ మధ్యే సంకరమవుతూ వచ్చింది. 2013లో అచ్చయిన ప్లాటీ జన్యుపటం ఆ వంశపు ఆడచేపదే. ఆయన 1959లో పోయారు. చేపలు న్యూయార్కులో క్లాస్ కాల్మన్ అనే ఆయన చేతికి, 1990ల మొదట్లో శాన్ మార్కస్‌కి వచ్చాయి. ఎనభై ఏళ్ళకి పైగా ఎవరో ఒకరు, పండగలకీ సెలవులకీ కూడా, పొద్దున్నే వచ్చి మేత వేశారు. 1939లో ఎవరైనా వచ్చి "దీనివల్ల ఉపయోగం ఏమిటి, ఎప్పటికి డెలివరీ" అని అడిగి ఉంటే గోర్డన్ ఏం చెప్పేవాడో నాకు తెలీదు. మా మేనేజరు మాత్రం కచ్చితంగా అడిగేవాడు.

పోయిన శనివారం మళ్ళీ శాన్ మార్కస్ వెళ్ళాం, మా బావమరిది వాళ్ళొస్తే. మాల్ పార్కింగులో కూర్చుని నాన్నకి ఫోన్ చేసి, అరికాళ్ళు ఒకసారి వెలుతుర్లో చూసుకోమన్నాను. మచ్చ గానీ, మానని పుండు గానీ, గోరు కింద వెడల్పవుతున్న నల్లచార గానీ ఉంటే చర్మం డాక్టరుకి చూపించమని, షుగరు పుండనేసి ఊరుకోవద్దని చెప్పాను. లైన్లో చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, "మీ పెదనాన్న పోయిన దగ్గర్నుంచి రోజూ స్నానం అయ్యాక చూసుకుంటూనే ఉన్నాన్రా" అన్నారు.